గిటార్ ఆంప్‌కి చప్పుడు చేయని ప్రీఆంప్ ట్యూబ్: ఏది కొనాలి, అసలు కొనాలా?

తీగ మీద వేలు పడకముందే ఆంప్ సుయ్యిమంటుంటే మనలో చాలామందికి తట్టే మొదటి ఆలోచన ట్యూబ్, అంటే సిగ్నల్‌ని పెంచే గాజు గొట్టం, మార్చడం. నేనూ అదే చేశాను. మంచి పేరున్న పాత స్టాక్ ట్యూబ్ ఒకటి, కాస్త చేయి కాల్చుకునే ధరకే తెప్పించి, ప్రీఆంప్ (గిటార్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని మొదట పెంచే భాగం) మొదటి సాకెట్‌లో గుచ్చాను. సుయ్యిమనే చప్పుడు ఇసుమంత కూడా తగ్గలేదు. పైగా వాల్యూమ్ సగం దాటగానే కాంబో పెట్టె (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) గుడిగంటలా ఖంగుమనడం మొదలైంది. చివరికి తేలిందేమిటంటే, ఆ బుస ట్యూబ్‌ది కానే కాదు. దాని ప్లేటుకి, అంటే లోపల ఎలక్ట్రాన్లు వచ్చి చేరే లోహపు రేకుకి, వోల్టేజి అందించే 100 కిలోఓంల పాత కార్బన్ రెసిస్టర్‌ది. కొన్ని పైసల సరుకు చేసిన నేరానికి ట్యూబ్ శిక్ష అనుభవించింది, దాంతోపాటు నా జేబూ.

అందుకే బ్రాండ్ల సంగతి తర్వాత. ముందు మీ ఆంప్ ఏ రకం చప్పుడు చేస్తోందో చెవి పెట్టి వినండి.

గుంయ్‌మని కింది స్థాయిలో ఒకే శ్రుతిలో వచ్చేది హమ్. అది మెయిన్స్ ఫ్రీక్వెన్సీ దగ్గర, అంటే 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర ఉంటే గ్రౌండ్ లూప్ (ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడటం), హీటర్ (ట్యూబ్‌ని లోపల వేడి చేసే తీగ) వైరింగ్, లేదా ట్యూబ్‌లో హీటర్ నుంచి క్యాథోడ్‌కి (ఎలక్ట్రాన్లు వెలువడే గొట్టానికి) లీకేజీ. దానికి రెట్టింపు, అంటే 100 లేదా 120 దగ్గర కాస్త కరకరలాడుతూ ఉంటే ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివయ్యాయని అర్థం, దానికి ట్యూబ్ ఏమీ చేయలేదు. గిటార్ పట్టుకుని కుర్చీలో అటూ ఇటూ తిరిగితే చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది పికప్ పట్టుకుంటున్న హమ్. సింగిల్ కాయిల్ పికప్ ఉన్నవాళ్లు ముందు ఈ పరీక్ష చేసుకోవాలి.

వానజల్లులా ఎడతెగకుండా వచ్చేది హిస్. ఇందులో ట్యూబ్‌కి వాటా ఉంటుంది, రెసిస్టర్లకీ ఉంటుంది. వేయించిన ఆవాల్లా చిటపటలాడితే ట్యూబ్ కావచ్చు, ప్లేట్ రెసిస్టర్ కావచ్చు, మకిలి పట్టిన సాకెట్ పిన్నులు కావచ్చు. ఇక స్వరం ఆగిపోయాక కూడా కూతలా సాగేది, ఆంప్ మీద తడితే ఖణేల్‌మనేది మైక్రోఫోనిక్స్. ట్యూబ్ లోపలి లోహపు ముక్కలు వణికి, ఆ వణుకే సిగ్నల్‌గా మారుతోందన్నమాట. ఈ ఒక్కదాంట్లో మాత్రం దోషం దాదాపు ఎప్పుడూ ట్యూబ్‌దే.

ఎక్కడి నుంచి వస్తోంది?

గిటార్ తీసేసి, వాల్యూమ్ నాబ్‌ని సున్నాకి తిప్పండి. చప్పుడు అలాగే ఉంటే అది ఆ నాబ్ తర్వాతి దశల్లోంచి వస్తోంది, మొదటి ట్యూబ్ మార్చినా ఫలితం సున్నాయే. నాబ్‌తోపాటు తగ్గితే దొంగ నాబ్‌కి ముందే ఉన్నాడు. ఇప్పుడు ఆంప్ ఆఫ్ చేసి, చల్లారనిచ్చి, మొదటి ట్యూబ్ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. నిశ్శబ్దం వచ్చిందంటే ఆ ట్యూబ్, లేదా దాని చుట్టూ ఉన్న రెసిస్టర్లు. తేడా తెలియాలంటే ఆ ట్యూబ్‌నీ వెనక సాకెట్లలో ఉన్న అదే రకం ట్యూబ్‌నీ తారుమారు చేయండి. చప్పుడు ట్యూబ్‌ వెంట పోతే ట్యూబ్‌ది తప్పు, సాకెట్ దగ్గరే ఉండిపోతే ట్యూబ్‌ది కాదు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. నేను ఆ పాత స్టాక్ ట్యూబ్ కొనకముందు చేయాల్సింది కూడా ఇదే.

రెండు జాగ్రత్తలు. లోపల 300 వోల్టులకు పైనే తిరుగుతూ ఉంటాయి, ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. బయటి నుంచి ట్యూబులు తీసి పెట్టడం వరకే మన పని, ఛాసిస్ విప్పడం తెలిసినవాళ్ల పని. రెండోది, కొన్ని చిన్న ఆంపుల్లో హీటర్లు దండలో పూలలాగా ఒకదాని వెంట ఒకటి సిరీస్‌లో ఉంటాయి. అక్కడ ఒక ట్యూబ్ పీకితే మిగతావీ ఆరిపోతాయి, పరీక్ష తప్పు దారి పట్టిస్తుంది.

మొదటి సాకెట్ ఏదన్నది కూడా చూసుకోండి. వీ1 అని రాసి ఉన్నదే మీ గిటార్ మొదట చేరే ట్యూబ్ అని గ్యారంటీ లేదు. 1960ల నాటి బ్లాక్‌ఫేస్ ఫెండర్ రెండు చానళ్ల ఆంపుల్లో వీ1 నార్మల్ చానల్‌ది. మీరు వైబ్రాటో చానల్‌లో వాయిస్తుంటే మీకు మొదటి ట్యూబ్ వీ2. ఆ సంగతి తెలియక వీ1లో ట్యూబులు మార్చి మార్చి, ఏ తేడా లేదని తల పట్టుకునేవాళ్లు ఉన్నారు.

మొదటి ట్యూబ్‌కే ఇంత పెద్దపీట ఎందుకంటే, అది 60 రెట్లు పెంచినదాన్ని తర్వాతి ట్యూబ్ మళ్లీ పెంచుతుంది, దాని తర్వాతిది మళ్లీ. మొదట్లో పుట్టిన ఒక్క మైక్రోవోల్టు చప్పుడు చివరికి స్పీకర్ దగ్గరికి ఏనుగై వస్తుంది. అదే చప్పుడు ఫేజ్ ఇన్వర్టర్‌లో (పవర్ ట్యూబులకు సిగ్నల్‌ని రెండుగా చీల్చి ఇచ్చే దశలో) పుడితే దాని తర్వాత పెద్దగా దశలే లేవు కాబట్టి ఎవరికీ వినపడదు. కాబట్టి డబ్బు పెట్టాల్సిన సాకెట్ ఒక్కటే. ట్యూబులన్నిటినీ ఒకేసారి 'లో నాయిస్ సెట్' అంటూ కొనమనే సలహా నాకు ఎప్పుడూ అమ్మేవాళ్ల సలహాలాగే వినిపిస్తుంది.

ఏ రకం: 12ఏఎక్స్7, 5751, 12ఏవై7, 12ఏటీ7

ప్రీఆంప్ ప్రపంచానికి రారాజు 12ఏఎక్స్7. ఆర్‌సీఏ 1947లో తెచ్చింది, యూరప్ పేరు ఈసీసీ83. ఒకే గాజు గొట్టంలో రెండు ట్రయోడ్లు (విడివిడిగా సిగ్నల్‌ని పెంచే భాగాలు), తొమ్మిది పిన్నులు. దీని మ్యూ, అంటే ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100. మామూలు గిటార్ ఆంప్ దశలో నిజంగా దక్కే గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే రెట్లు, 60 దాకా. దీనికే హమ్, నాయిస్ తక్కువ ఉండేలా చేసిన రూపానికి 7025 అని పేరు పెట్టారు. పాత ఫెండర్ చార్టుల్లో ఆ నంబరే కనిపిస్తుంది. అయితే ఇప్పుడు అమ్ముడయ్యే ట్యూబుల మీద 7025 అన్న ముద్ర ఉన్నంత మాత్రాన అది విడిగా ఏరిన సరుకని అనుకోకండి, చాలాసార్లు అది పేరు మాత్రమే.

ఇక్కడ ఒక లెక్క చూపిస్తాను, ఎందుకంటే దీంతో సగం భ్రమలు పోతాయి. ఇన్‌పుట్ జాక్‌కీ ట్యూబ్ గ్రిడ్‌కీ (ట్యూబ్‌లో సిగ్నల్ చేరే చోటుకీ) మధ్య చాలా ఆంపుల్లో 68 కిలోఓంల రెసిస్టర్ ఉంటుంది. ఏ రెసిస్టర్ అయినా ఊరికే ఉన్నా వేడి వల్ల కొంత హిస్ పుట్టిస్తుంది. 68 కిలోఓంలకి, గది వేడిలో, 10 కిలోహెర్ట్జ్ వెడల్పులో అది సుమారు 3.4 మైక్రోవోల్టులు. ఒక ఆరోగ్యమైన 12ఏఎక్స్7 లోపల ఎలక్ట్రాన్ల ప్రవాహం పుట్టించే హిస్‌ని ఇలాగే రెసిస్టర్ భాషలో చెబితే అది 1,500 నుంచి 2,000 ఓంలతో సమానం. అంటే మంచి ట్యూబ్ హిస్ దాని గుమ్మంలో ఉన్న రెసిస్టర్ హిస్ ముందు దిగదుడుపు. రెండు ఆరోగ్యమైన 12ఏఎక్స్7ల మధ్య హిస్ తేడా వినపడకపోవడానికి కారణం ఇదే. వినపడేది ఎప్పుడంటే, వాటిలో ఒకటి ఆరోగ్యంగా లేనప్పుడు: క్యాథోడ్ పూతలో లోపం, ఎక్కడో లీకేజీ, ఫ్లికర్ అనే కింది స్థాయి గురగుర. ఇది ఒక్కో ట్యూబ్‌కి ఒక్కోలా ఉంటుంది, బ్రాండ్‌కి ఒక్కోలా కాదు. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు ట్యూబులు ఒకటి మౌనిగా, ఒకటి వాగుడుకాయగా ఉండటం మామూలే.

5751 మ్యూ 70. అదే పిన్నుల అమరిక, నేరుగా గుచ్చొచ్చు. హీటర్ కరెంటు కాస్త ఎక్కువ, 12.6 వోల్టుల దగ్గర 150 మిల్లీఆంపులకు బదులు 175. ఒకటి మారిస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కి అదో లెక్క కాదు. కుదుపులను తట్టుకునేలా సైనిక, పారిశ్రామిక అవసరాల కోసం చేసిన ట్యూబ్ కాబట్టి పాతవాటిలో నిర్మాణం గట్టిగా ఉంటుంది, కొన్నిటిలో లోపలి భాగాలను కదలకుండా పట్టే మైకా పలకలు రెండుకి బదులు మూడు ఉంటాయి. మైక్రోఫోనిక్స్‌తో విసిగిన కాంబోకి ఇది నా మొదటి ఎంపిక. గెయిన్ సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. డ్రైవ్, అంటే ఆంప్‌ని గట్టిగా తోసినప్పుడు వచ్చే గరుకుదనం, మరీ పోదు, అంచులు కాస్త మెత్తబడతాయి.

12ఏవై7ని చాలామంది 'తక్కువ గెయిన్ ట్యూబ్' అని పక్కన పెట్టేస్తారు. అన్యాయం. ఆడియో మొదటి దశల కోసం, హమ్, లీకేజీ నాయిస్, మైక్రోఫోనిక్స్ తగ్గించడమే ధ్యేయంగా రూపొందించిన ట్యూబ్ అది. మ్యూ 44. ట్వీడ్ కాలపు ఫెండర్ బాస్‌మ్యాన్ 5ఎఫ్6-ఏ మొదటి సాకెట్‌లో ఉన్నది ఇదే. ఆ సర్క్యూట్‌నే ఆధారంగా తీసుకుని మార్షల్ జేటీఎం45 చేసినప్పుడు అక్కడ ఈసీసీ83 పెట్టారు. రెండిటి స్వభావాల్లో వినపడే తేడాకి ఇదీ ఒక కారణం. క్లీన్‌గా వాయించేవాళ్లకి, పెడల్స్‌తో డ్రైవ్ తెచ్చుకునేవాళ్లకి ఇది చక్కగా కుదురుతుంది. ఆంప్ సొంత డ్రైవ్ మీద బతికేవాళ్లకి మాత్రం చప్పగా అనిపిస్తుంది.

12ఏటీ7 సంగతి వేరు. మ్యూ 60 అని చూసి 5751కి తమ్ముడనుకుంటారు. నిజానికి అది రేడియో ఫ్రీక్వెన్సీ పనులకు పుట్టింది, కరెంటు ఎక్కువ ఇస్తుంది. రివర్బ్ డ్రైవర్‌గా (ప్రతిధ్వని స్ప్రింగులను కదిలించే దశ), ఫేజ్ ఇన్వర్టర్‌గా ఫెండర్ వాడింది అందుకే. మొదటి సాకెట్‌లో గుచ్చినా ఏమీ కాలిపోదు, కానీ నాయిస్ కోసం అక్కడ పెట్టాల్సిన ట్యూబ్ కాదు. 12ఏయూ7 గెయిన్ మరీ తక్కువ, ఆ ఊసు వదిలేద్దాం. తిరుగు దారిలో ఒక హెచ్చరిక: రివర్బ్ డ్రైవర్ సాకెట్‌లో ఉన్న 12ఏటీ7ని తీసి అక్కడ 12ఏఎక్స్7 పెట్టకండి, ఆ పనికి దాని శక్తి చాలదు.

గెయిన్ తగ్గిస్తే నాయిస్ తగ్గినట్టే కదా అని అడిగితే, అవును, కాదు. ట్యూబ్ మార్చగానే సుయ్యి తగ్గుతుంది, నిజమే. కానీ గిటార్ సిగ్నలూ అంతే తగ్గింది. మునుపటి బిగ్గరదనం కోసం వాల్యూమ్ పెంచితే సుయ్యి కూడా వెంటే తిరిగొస్తుంది. అసలే గెయిన్ ఎక్కువై, నాబ్‌ని రెండు దాటనివ్వలేకపోతున్న ఆంప్ అయితే ఈ మార్పు నిజంగా పనికొస్తుంది. గెయిన్ అంతా వాడుకుంటున్న ఆంప్‌లో అయితే ఇది నాబ్ తిప్పడానికి ఖరీదైన పద్ధతి.

లోపలి కట్టుబడి చూసి కొనండి

గాజులోంచి చూస్తే బూడిద రంగు ప్లేట్లు కనిపిస్తాయి. పొడవు ప్లేట్లు 17 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి, పొట్టివి అంతకన్నా బాగా చిన్నవి. పొడవు ప్లేట్ల శబ్దంలో విశాలత ఉంటుందని ఇష్టపడేవాళ్లు ఉన్నారు, నేనూ కొంత ఒప్పుకుంటాను. కానీ పొడవైన లోహపు రేకు ఎక్కువ వణుకుతుంది. స్పీకర్ ఉన్న పెట్టెలోనే ట్యూబులు వేలాడే కాంబోలో పొడవు ప్లేట్లు పెట్టడం అంటే డప్పు మీద గాజుసామాన్లు పెట్టడమే. హెడ్ (ఆంప్ భాగం) విడిగా, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) విడిగా ఉన్నవాళ్లకి ఈ బాధ తక్కువ. 1950, 60లలో వాక్స్ ఆంపుల్లో వాడిన ఈఎఫ్86 పెంటోడ్ కాంబోల్లో ఈ వణుకు వల్లే చెడ్డపేరు తెచ్చుకుంది.

రెండోది హీటర్. దాని తీగను హెయిర్‌పిన్‌లా మడిచి క్యాథోడ్ గొట్టంలో దూర్చవచ్చు, లేదా స్ప్రింగులా చుట్టవచ్చు. చుట్టినప్పుడు దాని అయస్కాంత క్షేత్రం తనను తానే రద్దు చేసుకుంటుంది, హమ్ తగ్గుతుంది. హీటర్లకి ఏసీ అందే ఆంప్‌లో ఈ తేడా వినపడుతుంది. మొదటి ట్యూబ్‌కి డీసీ హీటర్ ఇచ్చే ఆంప్ అయితే ఇందుకోసం అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఈ రెండు లక్షణాలూ ఒకే ట్యూబ్‌లో చూడాలంటే సోవ్‌టెక్ 12ఏఎక్స్7ఎల్‌పీఎస్. ఎల్‌పీఎస్ అంటే లాంగ్ ప్లేట్, స్పైరల్ ఫిలమెంట్. హమ్ తక్కువ, శబ్దం నిండుగా, హెడ్ ఆంప్ మొదటి సాకెట్‌కి మంచి సరుకు. కాంబోలో మాత్రం పరీక్షించకుండా కొనకండి. క్యాథోడ్ ఫాలోయర్ దశ ఉన్న సాకెట్‌లో, అంటే ట్వీడ్ బాస్‌మ్యాన్, మార్షల్ తరహా ఆంపుల్లో టోన్ నాబ్‌లకి ముందుండే ట్యూబ్ దగ్గర నేనైతే దీన్ని పెట్టను. అక్కడ క్యాథోడ్ వంద వోల్టుల పైన కూర్చుంటుంది, హీటర్‌కీ క్యాథోడ్‌కీ మధ్య ఒత్తిడి ఎక్కువ.

దానికి ఎదురు కొస జేజే ఈసీసీ83ఎస్. స్లొవేకియాలో తయారీ, పొట్టి ప్లేట్లు, గట్టి కట్టుబడి. పై స్థాయి కాస్త మందంగా ఉంటుంది కాబట్టి హిస్ కూడా చెవికి తక్కువగా తోస్తుంది. బిగ్గరగా మోగే కాంబోకి కళ్లు మూసుకుని చెప్పగలిగేది ఇదే. అప్పటికే మందంగా పలికే ఆంప్‌లో పెడితే మాత్రం కంబళి కప్పినట్టు ఉంటుంది. అదే కంపెనీ ఈసీసీ803ఎస్‌ది పొడవు ప్లేటు, పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయని కలిపేసుకోకండి. ఎలక్ట్రో-హార్మొనిక్స్ 12ఏఎక్స్7 మధ్యస్థం, కాస్త తేటగా పలుకుతుంది. టంగ్-సోల్ కొత్త తయారీ ఇంకా తేట, గెయిన్ ధారాళం. హై గెయిన్ ఆంప్‌లో ఆ తేటదనమే హిస్‌ని ముందుకు తోస్తుంది. సోవ్‌టెక్ 12ఏఎక్స్7డబ్ల్యూఏ ముచ్చటగొలిపే ట్యూబ్ కాదు గానీ మొండిది.

ఒక పక్క మాట. సోవ్‌టెక్, ఎలక్ట్రో-హార్మొనిక్స్, కొత్త టంగ్-సోల్, కొత్త మల్లార్డ్, జెనలెక్స్ గోల్డ్ లయన్ అన్నీ రష్యాలోని సరాటోవ్‌లో ఒకే ఫ్యాక్టరీలో తయారవుతాయి. డిజైన్లు వేరు, కప్పు ఒకటే. పెట్టె మీద పాత ఇంగ్లండ్ పేరు చూసి ఆనాటి మల్లార్డ్ అనుకోనక్కర్లేదు. బంగారు పూత పిన్నులు తుప్పు పట్టవు, అంతే. మీ సాకెట్ బంగారం కాదు కదా.

పాత స్టాక్ మీద మోజు

జర్మనీ టెలిఫుంకెన్ ఈసీసీ83, నున్నటి ప్లేట్లు, అడుగున పిన్నుల మధ్య గాజులో అచ్చొత్తిన వజ్రం గుర్తు. నిశ్శబ్దానికి దీనికున్న పేరు ఊరికే రాలేదు. గాజు మీద రంగుతో ముద్రించిన పేరు ఎవరైనా ముద్రించొచ్చు గానీ ఆ వజ్రం గాజులోనే ఉండాలి, కొనేటప్పుడు అడుగు ఫొటో అడగండి.

అయితే పాత స్టాక్ అమ్మేవాళ్లు 'పరీక్షించాం, కొత్తదానిలా ఉంది' అంటే ఏం పరీక్షించారో అడగాలి. మామూలు ట్యూబ్ టెస్టర్ చూసేది ఎమిషన్ లేదా ట్రాన్స్‌కండక్టెన్స్, అంటే ట్యూబ్‌కి బలం ఉందా లేదా అని. నోరు మెదపకుండా ఉంటుందా అన్నది దానికి తెలియదు. టెస్టర్‌లో నూటికి నూరు తెచ్చుకున్న ట్యూబ్ ఆంప్‌లో గంటలా మోగొచ్చు. నా ఖరీదైన ట్యూబ్ కథ అదే. నాయిస్, మైక్రోఫోనిక్స్ రెండూ ఆంప్‌లాంటి సర్క్యూట్‌లో విని ఏరామని రాతపూర్వకంగా చెప్పి, నచ్చకపోతే వెనక్కి తీసుకునేవాళ్ల దగ్గర కొన్న మామూలు కొత్త ట్యూబ్, ఆ హామీ లేని పురాతన వజ్రం కన్నా మేలని నా అభిప్రాయం. ఏరిన ట్యూబ్‌కి కాస్త ఎక్కువ అడుగుతారు. ఒక్క సాకెట్‌కే కాబట్టి పెట్టొచ్చు.

ఏరిన సరుకు దొరకకపోతే ఒకే రకం ట్యూబులు మూడు తీసుకుని మీరే ఏరుకోండి. ఒక్కోదాన్నీ మొదటి సాకెట్‌లో పెట్టి, పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి, నాబులన్నీ ఒకే గుర్తు దగ్గర ఉంచి వినండి. గిటార్ తీసేసి హిస్ వినండి, తర్వాత సన్నటి చెక్కపుల్లతో గాజుని మెల్లగా తట్టండి. స్పీకర్‌లో టక్ మని వినపడటం తప్పు కాదు. అది పెంచే దశ, ఎంతో కొంత వినపడే తీరుతుంది. టక్ తర్వాత ఖణణణ అని సాగితే, లేదా తట్టినప్పుడల్లా చిటపటలు రాలితే ఆ ట్యూబ్ అక్కడికి పనికిరాదు. కొత్త ట్యూబ్ మొదటి కొన్ని గంటల్లో కాస్త గొణిగి సర్దుకోవడం ఉంది కాబట్టి హిస్ మీద తీర్పు ఒకరోజు వాయదా వేయొచ్చు. ఖణేల్‌మనే దానికి వాయదా అక్కర్లేదు, అది మారదు. గాజుకి తొడిగే సిలికాన్ రింగులు కాస్త వణుకుని ఆపుతాయి, చెడ్డ ట్యూబ్‌ని మంచిది చేయవు.

మీ ఆంప్ ఫేజ్ ఇన్వర్టర్‌లో 12ఏఎక్స్7 వాడుతుంటే, మూడింట్లో ఎక్కువ మాట్లాడేదాన్ని అక్కడ పెట్టండి. మిగిలినదాన్ని పెట్టెలో పెట్టి, అట్ట మీద పెన్సిల్‌తో 'మొదటి సాకెట్‌కి, రెండో స్థానం' అని రాసి ఉంచుకోండి. నా గుడిగంట ట్యూబ్ ఇప్పుడు ఫేజ్ ఇన్వర్టర్‌లోనే ఉంది, ఏడాదై నోరెత్తలేదు.